ఓడలో బెడ్ స్పేస్

ఓడ కంపెనీలు గదికి రేటు కట్టే తీరు తెలిస్తే, నలుగురు మనుషులు కోరి కోరి ఒకే గదిలో ఎందుకు దూరతారో అర్థమవుతుంది. మొదటి ఇద్దరికీ పూర్తి ధర. మూడో మనిషికీ నాలుగో మనిషికీ బాగా తగ్గిస్తారు. పై పడకలు ఎలాగూ గోడలోనో పైకప్పులోనో మడిచి పెట్టే ఉంటాయి. వాటిని కిందికి దించితే కంపెనీకి పోయేదేమీ లేదు. ఎక్కిన మనిషి కాఫీలకనీ ఫోటోలకనీ ఎంతో కొంత ఖర్చు పెట్టకా పోడు. మా ఆయన అకౌంట్స్ మనిషి. రెండు గదులకు ఎంతవుతుందో, నలుగురి గదికి ఎంతవుతుందో పక్కపక్కన రాసి చూపించాడు. ఆ తేడాతో అత్తమ్మకు హైదరాబాద్ నుంచి మస్కట్‌కు రానూపోనూ విమానం టికెట్టు వచ్చేస్తుంది. ఇక మాట్లాడేదేముంది!

చలికాలంలో దుబాయ్‌లోని మినా రాషిద్ నుంచి బయల్దేరి ఖసబ్, మస్కట్ రేవులు చుట్టి మళ్లీ దుబాయ్ చేరే ఓడ అది. మేముండేది మస్కట్‌లోనే, రువీలో. అంటే సొంత ఊరి నుంచి కారులో దుబాయ్ దాకా పోయి, ఓడెక్కి, తిరిగి సొంత ఊరికే టూరిస్టుల్లా రావడమన్నమాట. తెలిసినవాళ్లు నవ్వారు. నవ్వనీ. మస్కట్‌లోనే సముద్రం ఒడ్డున మత్రా కార్నిష్ మీద కూచుని రేవులో ఆగిన తెల్లటి ఓడల్ని చూడటం మా అమ్మాయికి శుక్రవారం సాయంత్రాల అలవాటు. 2014లో సరుకుల ఓడల్ని సొహార్ రేవుకు మళ్లించాక అక్కడి సుల్తాన్ కాబూస్ రేవు ముఖ్యంగా ఈ విహార ఓడలదే అయిపోయింది. ఎండలు తగ్గాయంటే వరస కడతాయి. "పైనుంచి చూసేవాళ్లకి మనమెట్లా కనిపిస్తాం?" అని అమ్మాయి ఒకసారి అడిగింది. ఈ ప్రయాణం పుట్టింది అక్కడే. అత్తమ్మ జగిత్యాల నుంచి వచ్చి ఉండటం కలిసొచ్చింది, వీసాల తంతు మాత్రం మమ్మల్ని అరగదీసింది.

మాది ఇన్‌సైడ్ క్యాబిన్. అన్నిటికన్నా చౌక. కిటికీ ఉండదు. తలుపు తీయగానే కుడి చేతివైపు బాత్రూం, ఎడమవైపు సన్నటి అల్మారా, ఆ సందు దాటితే రెండు మంచాలు, వాటి మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత జాగా. అత్తమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"గిదేందిరా, అర్రనా, బీరువనా?"

"అర్రనే అమ్మా. లోపటికి రా."

"కిటికీ ఏది?"

"లేదు."

"మరి పొద్దు పొడిసింది ఎట్ల తెలుస్తది?"

దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ మాటకొస్తే ఆమె అడిగినదే అసలైన ప్రశ్న అని రెండో పూటకు తెలిసింది. లైటు తీస్తే మధ్యాహ్నం కూడా కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. పెద్దావిడ ఇంట్లో వాకిట్లోకి వచ్చే వెలుగును బట్టి లేస్తుంది, పక్షులను బట్టి పళ్లు తోముకుంటుంది. ఇక్కడ తెల్లవారుజామున మూడింటికే లేచి కూచుని, అందరినీ లేపాలా వద్దా అని ఆలోచించేది. చివరికి మా ఆయన టీవీలో ఓడ ముందు భాగంలోని కెమెరా చూపించే చానెల్ పెట్టి, సౌండు తీసేసి వదిలేశాడు. తెర నల్లగా ఉంటే రాత్రి, బూడిద రంగుకు తిరిగితే తెల్లారుతున్నట్టు. ఆ రోజు నుంచి అత్తమ్మకు టీవీయే కిటికీ.

రాత్రి భోజనాలై వచ్చేసరికి గది చూసే ఇండోనేషియా కుర్రాడు పై పడకలు దించి, నిచ్చెన తగిలించి, పక్కలు వేసి పోయాడు. ఎవరెక్కడ అన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. అత్తమ్మ మోకాళ్లకు కింది మంచం తప్పదు. రాత్రి లేచినప్పుడు చెయ్యందించడానికి పక్క మంచం మీద నేను. నా పైన అమ్మాయి, తల్లి పైన కొడుకు. అమ్మాయి నిచ్చెన కిర్రుమనిపిస్తూ ఎక్కింది, దిగింది, ఫోన్ మర్చిపోయానని మళ్లీ ఎక్కింది. లైటు తీశాక మా ఆయన ఎక్కాడు. నిచ్చెన జోలికే పోలేదు. కింది మంచం కోడు మీద ఒక పాదం, అల్మారా అంచు మీద ఒక చెయ్యి, అంతే. చీకట్లో ఒక్క చప్పుడు లేదు. తల్లి దుప్పటి అంచు కూడా కదల్లేదు. కాసేపటికి అత్తమ్మ గొంతు వినిపించింది.

"గట్ల ఎక్కుడు యాడ నేర్సినవ్‌రా?"

"మస్కట్‌లనే."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఆయన ఇంకేమీ చెప్పలేదు. నేను మాత్రం చాలాసేపు మేలుకునే ఉన్నాను. కొడుకు ఇన్నేళ్లూ 'కంపెనీ రూమ్'లో ఉన్నాడనే ఆమె నమ్మకం. రూమ్ అంటే ఆమె మనసులో ఒక గది, ఒక మంచం, ఒక ఫ్యాను. గల్ఫ్‌కు వెళ్లిన మగవాళ్లు ఇంటికి చెప్పని విషయాల్లో జీతం రెండోది. మొదటిది పడుకునే చోటు.

గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లకు బెడ్ స్పేస్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. లేనివాళ్ల కోసం చెబుతాను. గది అద్దెకు తీసుకునే స్తోమత లేనివాడు మంచాన్ని అద్దెకు తీసుకుంటాడు. రువీలో, హమ్రియాలో, వాదీ కబీర్‌లో బస్టాపుల మీదా కిరాణా షాపుల అద్దాల మీదా చిన్న చిన్న చీటీలు అతికించి ఉంటాయి: బెడ్ స్పేస్ కలదు. ఫలానా రాష్ట్రంవాళ్లకే అని ఒకటి, శాకాహారులకే అని ఒకటి. మా ఆయన ఉన్నది హమ్రియాలో. గదికి మూడు ఇనుప మంచాలు, ఒక్కోటి రెండంతస్తులు. కింది మంచానికి అద్దె కాస్త ఎక్కువ. ఎందుకంటే పై మంచానికి కట్టిన లుంగీనో పాత చీరనో కిందికి జారవిడిస్తే తెర అవుతుంది, ఆ తెర వెనక మనిషికి తనదంటూ ఒక జాగా దొరుకుతుంది. పై మంచంవాడికి ఫ్యాన్ గాలే మిగులుతుంది. ఈయన చాలాకాలం పై మంచంవాడే. డబ్బు మిగిల్చి ఊరికి పంపడం ఒక కారణం, రెండోది ఆయన చెప్పిన కారణం: కిందివాడి మంచం మీద అందరూ కూచుంటారు, పైవాడి మంచం మీద ఎవరూ కూచోరు.

ఇదంతా ఖసబ్‌లో పడవ మీద కూచున్నప్పుడు బయటికొచ్చింది. ఖసబ్ ఒమాన్‌దే అయినా మిగతా ఒమాన్‌కు ఎడంగా, మధ్యలో ఎమిరేట్స్ నేల అడ్డం పడి, ముసందం ద్వీపకల్పం కొసన ఉంటుంది. హోర్ముజ్ జలసంధి అక్కడిదే. ఓడ దిగితే తివాచీలూ దిండ్లూ పరిచిన ధౌలనే చెక్క పడవలు ఎదురుచూస్తుంటాయి. వాటిలో ఖోర్ షమ్ అనే సముద్రపు పాయలోకి తీసుకెళతారు. రెండువైపులా చెట్టన్నది లేని కొండలు నిటారుగా నీళ్లలోకి దిగుతుంటాయి. కొండల పాదాల దగ్గర పదిళ్లో ఇరవై ఇళ్లో ఉన్న ఊళ్లు. వాటికి రోడ్డు లేదు, తాగే నీళ్లు కూడా పడవలోనే వస్తాయి. డాల్ఫిన్లు కనిపించినప్పుడల్లా పడవవాడు ఈల వేసేవాడు, అమ్మాయి ఒక కొసకు, మేం ఇంకో కొసకు పరిగెత్తేవాళ్లం.

ఆ పాయ మధ్యలో ఒక చిన్న రాతి దిబ్బ ఉంది. పేరు జజీరత్ అల్ మక్లబ్, అందరూ పిలిచేది టెలిగ్రాఫ్ ఐలాండ్. 1860లలో బ్రిటిష్‌వాళ్లు ఇండియాకూ లండన్‌కూ మధ్య తంతి మాటల కోసం కరాచీ నుంచి గల్ఫ్ అడుగున తీగ వేసినప్పుడు, ఆ తీగ దారిలో ఇక్కడొక స్టేషన్ పెట్టారు. గుప్పెడు మంది ఉద్యోగులు, చుట్టూ కాలే రాయి, ఎటు చూసినా అవే మొహాలు. కొద్ది ఏళ్లకే మూసేశారు. ఇప్పుడు పునాదుల రాళ్లు మిగిలాయి, టూరిస్టులు చుట్టూ ఈత కొడతారు. "గిక్కడ ఎంతమంది ఉన్నరో, ఎట్ల ఉన్నరో" అని అత్తమ్మ పెదవి విరిచింది. అప్పుడు మా ఆయన, పక్కింటివాడి సంగతి చెబుతున్నట్టు, హమ్రియా గది గురించి చెప్పుకొచ్చాడు.

ఆరుగురిలో ఇద్దరు రాత్రి డ్యూటీ మనుషులు. పగలు పడుకుంటారు. అందుకని ఆ గదిలో పగలుకు పగలని పేరు లేదు, ఎప్పుడూ ఎవరికో ఒకరికి అర్ధరాత్రే. లైటు వేయకుండా బట్టలు తీసుకోవడం రావాలి. పొద్దుటి చొక్కా ముందు రాత్రే తలగడ కింద ఉండాలి. అలారం మోగకూడదు, ఫోన్ వణకాలి, అదీ పరుపు మీద కాదు, ఒంటికి తగిలేట్టు. బాత్రూంకు వరస ఉంది, ఎవరికీ చెప్పని వరస, కానీ ఎవరూ తప్పరు. వంట వారానికి ఇద్దరిది. ఇక ప్లాస్టిక్ కవరు. పడుకున్న మనిషిని ఫోన్ కన్నా, తలుపు కన్నా తొందరగా లేపేది ప్లాస్టిక్ కవరు చప్పుడట. ఆ కరకర వినిపించిందంటే రాత్రి డ్యూటీవాడు తెర లోపలి నుంచే తిట్టేవాడట. అందుకని గదిలో ఎవడూ కవర్లు వాడడు. సామాన్లన్నీ గుడ్డ సంచుల్లోనే.

నేను పడవలో ఉన్నచోటే ఉండిపోయాను. మా ఇంట్లో గుడ్డ సంచుల గొడవ ఇప్పటిది కాదు. లులూ సూపర్‌మార్కెట్‌లో ఏం కొన్నా గుమ్మంలోనే కవర్లలోంచి గుడ్డ సంచుల్లోకి మార్చేవాడు. ఈ ప్రయాణానికి కూడా మా నలుగురి బట్టల్నీ సూట్‌కేసులో విడివిడి గుడ్డ సంచుల్లో సర్దింది ఆయనే. ఏదో చాదస్తం అనుకుని వదిలేసేదాన్ని. ముందు రాత్రి రెండింటికి మా అమ్మాయి పై పడకలో చిప్స్ ప్యాకెట్ విప్పినప్పుడు ఆ క్యాబిన్‌లో లేవనిదెవరు? అప్పుడు తెలిసింది నాకు ఆ సంచుల విలువ. కానీ అవెక్కణ్ణుంచి వచ్చాయో మాత్రం పడవలోనే తెలిసింది.

ఒక్క సంచితో ఆగలేదు. చూస్తూ పోతే ఆయన అలవాట్లలో సగం ఆ హమ్రియా గదివే. పెళ్లైన కొత్తలో నేను జగిత్యాలలో ఉన్నప్పుడు ఫోన్ చేస్తే గుసగుసగా, ముక్తసరిగా మాట్లాడేవాడు. ఈయనకు ప్రేమ చెప్పుకోవడం రాదులే అనుకున్నాను. ఆయన మాట్లాడింది మెట్ల మీద కూచుని, పైకీ కిందికీ మనుషులు దాటుకుపోతుంటే. అప్పట్లో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే ఒమాన్‌లో నెలకు 600 రియాళ్ల జీతం చూపించాలి. 2017లో దాన్ని 300 చేశారు. మేం మస్కట్‌లో కాలు పెట్టింది ఆ తర్వాతే. అప్పటికి ఆయన ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా బతకడం నేర్చుకున్న మనిషి.

ఆ నేర్పు క్యాబిన్‌లో మాకెంత ఉపయోగపడిందో చెప్పాలి. తెల్లవారుజామున అత్తమ్మ బాత్రూంకు వెళ్లే వేళకు ఆయన గదిలో ఉండేవాడే కాదు. ఎప్పుడు దిగాడో, ఎప్పుడు చెప్పులు చేతబట్టుకుని తలుపు దాటాడో తెలియదు. పై డెక్కు మీద టీ తాగుతూ కనిపించేవాడు. అమ్మాయి స్నానానికి పోయిందంటే గంట. ఆ గంటలో నేను గుమ్మం దగ్గర నిలబడి విసుక్కుంటే, ఆయన తల్లిని నడిపించుకుంటూ ఓడంతా తిప్పుకొచ్చేవాడు. టైటానిక్ మూడో తరగతిలో ఏడువందల మంది ప్రయాణికులకు కలిపి ఉన్న స్నానపు తొట్లు రెండే. అది గుర్తు చేసుకుని నేను శాంతించడానికి ప్రయత్నించేదాన్ని. ఆయనకు అలాంటి ఊరడింపులు అక్కర్లేదు. చిన్న గదిలో నలుగురు సుఖంగా ఉండాలంటే నలుగురూ ఒకేసారి గదిలో ఉండకూడదు. ఇంత చిన్న సంగతి ఆయన ఒంటికి తెలుసు. మేం ముగ్గురం చోటు కోసం కొట్టుకుంటుంటే ఆయన వేళలు పంచాడు.

గది చూసే కుర్రాణ్ణి ఒకసారి అడిగాను, మీ గదిలో ఎంతమంది అని. ఇద్దరట. రెండోవాడు లాండ్రీలో రాత్రి పని. తలుపు దగ్గర కలుసుకుంటామని నవ్వాడు. ఓడ ఉద్యోగుల గదులకు అంతర్జాతీయంగా ఒక కొలత ఉంది. 2006లో కుదిరి 2013 ఆగస్టులో అమల్లోకొచ్చిన సముద్ర కార్మికుల ఒప్పందం ప్రకారం మంచం లోపలి కొలత 198 సెంటీమీటర్ల పొడవు, 80 సెంటీమీటర్ల వెడల్పుకు తగ్గకూడదు. ప్రయాణికుల ఓడల్లో మామూలు సిబ్బంది ఇద్దరుండే గదికి కనీసం 7.5 చదరపు మీటర్లు, నలుగురుండే గదికి 14.5. మా క్యాబిన్ బాత్రూంతో కలిపి సుమారుగా అంతే. పనివాళ్లకు ఇంతకన్నా తగ్గించొద్దని ప్రపంచమంతా కూచుని గీసిన గీత దగ్గర, మేం సెలవు పెట్టుకుని డబ్బు కట్టి పడుకున్నామన్నమాట. మా ఆయన ఈ లెక్క విని చాలా సంతోషించాడు.

అత్తమ్మకు ఓడ కొత్త కాదని ఈ ప్రయాణంలోనే తెలిసింది. అంటే, ఎక్కలేదు గానీ విన్నది. వాళ్ల పెద్దన్న విమానాలు అందని రోజుల్లో బొంబాయిలో ఓడెక్కి గల్ఫ్‌కు వచ్చాడట. డెక్కు మీద చాప, తలకింద మూట, పైన ఆకాశం. బొంబాయి, కరాచీ, మస్కట్ మీదుగా గల్ఫ్ రేవుల చుట్టూ తిరిగిన ఆ ఓడల్లో చివరిది ద్వారక, 1982లో ఆగిపోయింది. "మా అన్నకు అర్ర లేకుండె, గని గాలి ఉండె" అంది. కిటికీ లేని ఈ గదిలో ఆమె అసలు బాధ ఇరుకు కాదు. ఊళ్లో ఎండాకాలం వాకిట్లో నాలుగు మంచాలు వేసుకుని పడుకునేవాళ్లకు ఇరుకంటే భయముండదు. పక్కన మనుషులుంటే ఆమెకు నిద్ర వస్తుంది. గాలాడకపోతేనే రాదు. మా అమ్మాయికి దీనికి సరిగ్గా తలకిందులు. ఏసీ ఉంటే చాలు, గాలి ఎక్కడిదైనా ఒకటే, కానీ పక్కన మనిషి ఊపిరి వినిపించిందంటే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేస్తుంది. వీళ్లిద్దరి మధ్యా ఏ లైటు ఎప్పుడు తీయాలన్న దానిమీద జరిగిన తగాదాలు రాస్తే ఇంకో వ్యాసమవుతుంది.

ఓడ మస్కట్ చేరేసరికి తెల్లవారుతోంది. పై నుంచి మత్రాను చూడటం మాత్రం నిజంగానే వేరు. కొండ మీది కోట, రియాంలో ఆ పెద్ద సాంబ్రాణి కుండ, కార్నిష్ వెంట తెల్లటి ఇళ్లు, నీలి గుమ్మటం ఉన్న మసీదు, అన్నీ అరచేతిలో పెట్టినట్టున్నాయి. అమ్మాయి మేం ఎప్పుడూ కూచునే బెంచీని వెతికి పట్టుకుంది. అక్కడెవరో కూచుని మావైపే చూస్తున్నారు. అది చెయ్యూపింది, వాళ్లూ ఊపారు.

మిగతా ప్రయాణికులు సూక్ బజారుకూ, గ్రాండ్ మసీదుకూ బస్సులెక్కారు. అత్తమ్మ తలకు పోసుకోవాలంది. "మన ఇల్లు ఈడనే ఉండె గదా?" ఉంది. రేవు బస్సులో గేటు దాకా వచ్చి, టాక్సీ ఎక్కితే పది నిమిషాల్లో రువీ. తాళం తీసి లోపలికి అడుగు పెట్టగానే ముగ్గురం మూడు వైపులకు పోయాం. అమ్మాయి తన గదిలోకి దూరి తలుపేసుకుంది. అత్తమ్మ బాత్రూంలోకి వెళ్లి బకెట్ల కొద్దీ నీళ్లు గుమ్మరించుకుంది. నేను మా పడకగదిలో మంచానికి అడ్డంగా పడ్డాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

కాసేపటికి మంచినీళ్ల కోసం హాల్లోకి వస్తే ఆయన చెప్పుల స్టాండు పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఉన్నాడు. ఆ కుర్చీ అంచు మీదే. ఫోన్ హాల్లోని ప్లగ్గుకు పెట్టి ఉంది. ఎప్పుడూ అక్కడే పెడతాడు. రెండు పడకగదులు, హాలు, బాల్కనీ ఉన్న ఇల్లు అది. ఒక గది అమ్మాయిది, వచ్చినప్పుడు అత్తమ్మది కూడా. మా గదిలో అల్మారా నిండా నా చీరలు, బల్ల నిండా నేను దిద్దాల్సిన పరీక్ష పేపర్లు. ఆయనకు అందులో ఒక అర. అరలో ఒక గుడ్డ సంచి. ఓడ మీద ఆయనకు ఆరడుగుల పడక ఉంది, పక్కనే చదువుకునే చిన్న లైటుంది, అందులోకి ఎవరూ ఎక్కరు. అద్దె ఆయనే కట్టే ఇంట్లో అది లేదు.

ఎవరూ తీసేసుకోలేదు దాన్ని. ఆయనే ఖాళీ చేస్తూ వచ్చాడు. ఎవరైనా గదిలోకి వస్తే లేచి బయటికి పోవడం, ఫోన్ వస్తే మెట్ల మీదికి పోవడం, తన దుప్పటి తానే మడిచి కనపడకుండా పెట్టడం. హమ్రియాలో ఇవన్నీ మర్యాదలు. ఆరుగురు ఒకళ్ల నొకళ్లు చంపుకోకుండా ఏళ్లు గడిపింది వాటి వల్లే. క్యాబిన్‌లో ఆ మర్యాద మమ్మల్ని కాపాడింది, ఆ మాట ఎన్నిసార్లైనా అంటాను. కానీ అదే మర్యాద ఇంట్లో మనిషిని చుట్టాన్ని చేస్తుంది. నాకు ఎన్నోసార్లు ఈయన ఇంట్లో ఉండీ లేనట్టే ఉంటాడే అనిపించేది, కోపమూ వచ్చేది. గల్ఫ్ నుంచి సెలవుకొచ్చిన భర్తల గురించి జగిత్యాల ఆడవాళ్లు అదే మాట అనడం విన్నాను. నెల రోజులకు వస్తాడు, ఎక్కడ కూచోవాలో తెలియనట్టు వాకిట్లో తిరుగుతాడు అని. డబ్బు పంపినవాడికి ఇంట్లో లోటేముంటుంది అని మగవాళ్లు అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

నేనేం చేశానంటే, పెద్దగా ఏమీ చేయలేదు. "లోపలికొచ్చి పడుకో, ఓడకు ఇంకా టైముంది" అన్నాను. "నువ్వు పండుకున్నవ్ గదా" అన్నాడు. "మంచం పెద్దదే" అన్నాను. వచ్చి ఒక పక్కగా, అంచుకు, ఒత్తిగిలి పడుకున్నాడు, పై పడకలో పడుకున్నట్టే. అలవాటు ఒక పూటలో పోయేది కాదు.

తిరిగి రేవుకు వెళ్లేటప్పుడు ఆయన మా ఫ్రిజ్ మీది అయస్కాంతాలన్నీ జేబులో వేసుకున్నాడు. ఓడ గదుల గోడలు ఇనుపవి. తిరుపతి వెంకన్న, చార్మినార్, నిజ్వా కోట, కొక్కేలున్న రెండు వంటింటి అయస్కాంతాలు, అన్నీ గోడకు అతుక్కున్నాయి. అత్తమ్మ తడి తువ్వాలుకు ఒక కొక్కెం, అమ్మాయి బ్యాగుకు ఒకటి. గది ఏం పెరగలేదు గానీ నేల మీద నడవడానికి వీలైంది. వెంకన్న తన తలవైపు ఉన్నాడని అత్తమ్మ ఆ రాత్రి టీవీ కూడా ఆపేయమంది.

ఇంటికొచ్చాక హాల్లో కిటికీ పక్కన ఒక కుర్చీ, చిన్న బల్ల, దీపం పెట్టాం. ఆయనకని. మొదట్లో దాని మీద నా పేపర్లు చేరాయి, అమ్మాయి హెడ్‌ఫోన్లు చేరాయి. ఆయన ఏమీ అనలేదు, పక్కన నిలబడ్డాడు. అమ్మాయే గమనించి తీసేసింది. ఇప్పుడు ఆఫీసు నుంచి రాగానే అక్కడ కూచుంటాడు, ఫోన్ అక్కడే చార్జింగ్ పెడతాడు, జగిత్యాలకు ఫోన్ చేస్తే అక్కడి నుంచే గట్టిగా మాట్లాడతాడు. మరీ గట్టిగా. పడకగది తలుపేసుకోవాల్సొస్తోంది.

వచ్చే చలికాలం మళ్లీ వెళ్దామంటోంది అమ్మాయి, ఈసారి బాల్కనీ గది కావాలట. నలుగురం ఒకే గదిలో మాత్రం వద్దని నా మాట. డబ్బు కుదిరితే రెండు గదులు తీసుకోవడమే మంచిదని అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను. జగిత్యాలకు ఫోన్ చేసి, ఒక గదిలో మేమిద్దరం, ఇంకోదాంట్లో మీరూ మనవరాలూ అని అత్తమ్మకు చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు. "నేను నా కొడుకుతోటి ఉంట. వాడు మీద పండుకుంటే నాకు మంచిగ నిద్ర పడ్తది" అంది. అంటే ఇంకో గదిలో నేనూ మా అమ్మాయీ. దానికీ నాకూ ఒకే బాత్రూం. ఆ ఏర్పాటు మీద నా అభ్యంతరం ఇంకా అలాగే ఉంది.